మూడుసార్లు అచ్చయిన పేరు

అతను పోయాడని నాకు పార్వతీపురం సంతలో తెలిసింది. అడ్డాకులు కట్టలు కట్టి అమ్ముకుంటున్న ఒక కొండమనిషిని ఏ ఊరని అడిగితే పెదబయలు అవతల ఉన్న ఆ ఊరే చెప్పాడు. ఆ ఊరి పేరు నా చెవిన పడి పాతికేళ్ళు దాటింది. నాకు గుర్తున్న వాళ్ళనందరినీ ఒక్కొక్కరే అడిగి, అడగాలని లేకపోయినా చివరికి అతని సంగతీ అడిగాను. పేరు చెప్పకుండానే అడిగాను. వాగు దగ్గర ఇల్లు, ఎడమచేతి చిటికెనవేలు వంకర, ఎప్పుడూ అడ్డపొగ కాలుస్తాడు అని ఆనవాళ్ళు చెప్పాను.

"ఆ తాతా? మొన్న సోళ్ళు కోసినప్పుడు పోనాడు బాబూ," అన్నాడు.

"నేస్తానికి కబురు పెట్టారా?"

మన్యంలో మనిషి పోతే ముందు కబురు వెళ్ళేది అతను నేస్తం కట్టుకున్నవాడికే. మీద కప్పే కొత్తబట్ట అతనే తేవాలి. అందుకని అడిగాను.

"ఆలకి నేస్తమెవులూ నేరు కదా," అన్నాడతను, తన ఆకులు సర్దుకుంటూ. "ఉన్నాడని ఎప్పుడూ సెప్పనేదు."

నాకక్కర్లేని ఆకుల కట్టలు రెండు కొనుక్కుని ఇంటికొచ్చాను. మా ఆవిడ చూసి, "ఇన్ని ఆకులెందుకండీ, ఎవరింట్లో పెళ్ళి?" అంది. నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. చచ్చిపోయిన మనిషి మీద కోపం పెట్టుకోవడం ప్రతి ఆదివారం గుడికి వెళ్ళేవాడికి తగదు. తెలుసు. అయినా ఒళ్ళు మండిపోయింది. బతికుండగా ఒకసారి నన్ను కాదన్నాడు, పోతూ పోతూ ఇంకోసారి కాదని పోయాడు.

పంతొమ్మిదివందల ఇరవైల్లో నేను మిషను బడి మేస్టారుగా ఆ కొండల్లోకి వెళ్ళాను. పార్వతీపురం బజారులో పుట్టి పెరిగినవాణ్ణి. కొండ ఎక్కిన మొదటి వానాకాలమే జ్వరం పట్టుకుంది. బడి మూసి చాపమీద పడుకుంటే, రోజూ పొద్దున్నే ఒక మనిషి సోరకాయ బుర్రలో అంబలి తెచ్చి గుమ్మంలో పెట్టి, "తాగు, సచ్చిపోతే ఈ గుంటలకి అచ్చరాలెవులు సెప్తారు?" అని వెళ్ళిపోయేవాడు. అతని పిల్లలెవరూ నా బళ్ళో లేరు. మరెందుకు తెస్తున్నావని లేచి తిరిగాక అడిగాను. "నీ దగ్గు మా ఇంటికాడికి ఇనపడతంది. నిద్దర పట్టట్నేదు," అన్నాడు.

అతను హాస్యం ఆడేముందే నవ్వేసేవాడు. నవ్వు అయిపోయాక మాట వచ్చేది. అప్పటికి మనం కూడా నవ్వేసి ఉంటాం గనక మాట బాగున్నా లేకపోయినా చెల్లిపోయేది. చుట్ట నిప్పు వేపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చేవాడు. తమాషా మాటలన్నీ చుట్ట నోట్లో ఉండగానే మాట్లాడేవాడు గాని, ఏదైనా గట్టి సంగతి చెప్పాల్సి వస్తే చుట్ట బయటికి తీసి, కాలుతున్న కొసని ఓసారి చూసుకుని, అప్పుడు మొదలుపెట్టేవాడు. ఆ చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళిందంటే నేను కూడా చేస్తున్న పని ఆపేవాణ్ణి.

ముంచింగిపుట్టు సంతలో అతనితో నడవడం ఒక ముచ్చట. ఉప్పు కావాలి. మొదటి కొట్టు దగ్గర చిటికెడు ఉప్పు నాలిక మీద వేసుకుని, తల అడ్డంగా ఊపి, "సప్పగుంది," అనేవాడు. ఉప్పు చప్పగా ఉందన్న మనిషిని అతన్ని తప్ప నేను ఇంతవరకూ చూడలేదు. రెండో కొట్టు, మూడో కొట్టు, అన్నీ చప్పగానే ఉండేవి. కొట్లవాళ్ళు తిట్టేవాళ్ళు. ఆఖరికి మొదటి కొట్టుకే వచ్చి, "నీదే కొంచెం నయం," అని వాడిమీద దయ తలిచినట్టు కొనేవాడు. ఇదంతా ఎందుకని అడిగితే, "సంతకొచ్చి ఒక్కడితోనే మాటాడి ఎల్లిపోతే మరేటి సంత?" అన్నాడు.

ఆ చలికాలంలో నేస్తరికం కట్టుకుందామన్నాడు. నాకు నవ్వులాటగా తోచింది గాని ఊళ్ళో పెద్దలు నవ్వలేదు. వాగు ఒడ్డున కూర్చోబెట్టి ఒకే ఆకులో ఇద్దరికీ అన్నం పెట్టారు. అతని తువ్వాలు నాకూ, నా తువ్వాలు అతనికీ మార్పించారు. ముసలి పెద్ద ఒకాయన మా ఇద్దరి చేతులూ కలిపి పట్టుకుని, "ఈ దినం కాడ్నుంచి ఒకడి పేరు ఒకడు నోటంట అనకూడదు. నేస్తం అనే పిలుసుకోవాల. పేరు పెట్టి పిలిసినారంటే తెగిపోనట్టే," అన్నాడు. ఆ రోజు నుంచి అతని పెళ్ళాం కూడా నన్ను "నేస్తం ఒచ్చినాడు" అనే అనేది. మిషను పెద్దలకి ఈ సంగతి తెలిస్తే ఏమంటారో అని నాకు కొన్నాళ్ళు బెంగగా ఉండేది. తరవాత ఆ బెంగ మర్చిపోయాను.

సముద్రం వేపు పట్నంలో అచ్చయ్యే ఒక వారపత్రిక మా బడికి రెండు వారాలు ఆలస్యంగా వచ్చేది. అందులో ఒకసారి, మన్యం విశేషాలు రాసి పంపేవారు కావాలని ప్రకటన పడింది. నాకు చిన్నప్పటినుంచీ రచయితనవ్వాలని లోపల్లోపల ఉంది. బడి ఉద్యోగం వదలడానికి లేదు. శనివారం మధ్యాహ్నం బడి విడిచిపెట్టాక, ఆదివారం ప్రార్థన అయ్యాక, మిగిలిన ఆ కాస్తలోనే రచయితని. కలంపేరు 'గిరివాసి' అని పెట్టుకున్నాను. కొండెక్కి రెండేళ్ళు కాలేదు, అప్పుడే గిరివాసిని! ఇప్పుడు తల్చుకుంటే నాకే సిగ్గేస్తుంది.

మొదట రాసింది వడగళ్ళ వాన గురించి. అతను బడి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. లోపలికి ఎప్పుడూ వచ్చేవాడు కాదు, వస్తే తనచేత కూడా అక్షరాలు దిద్దిస్తానని భయం.

"ఏటి గీకుతన్నావు?" అన్నాడు.

చదివి వినిపించాను. ఆకాశం ముత్యాలు వర్షించిందని రాశాను. ఎంతో బాగుందనుకున్నాను.

"ముత్తేలు సూసావా నువ్వు?"

"లేదు."

"వడగళ్ళు సూసావు కదా?"

"చూశాను."

"మరి సూసింది వొగ్గేసి సూడంది రాత్తావేటి? ఇంకోటి, ముందు గాలి ఒచ్చినాది. ఆ తరవాత వడగళ్ళు. నువ్వు తిరగేసి రాసినావు. గాలి ముందు రాకపోతే మా పాక కప్పు ఎలాగెగిరిపోనాది?"

నాకు కోపం వచ్చింది. అరగంట అటూ ఇటూ తిరిగి, కాగితం చింపేసి, గాలితో మొదలుపెట్టి మళ్ళీ రాశాను. పత్రికవాళ్ళు ఒక్క మాట మార్చకుండా వేశారు. ఆ తరవాత రాసినవన్నీ మెట్టు మీద అతనికి చదివాకే తపాలాకి వెళ్ళేవి. జీలుగుకల్లు గీసేవాడి గురించి రాస్తే, వాడు ఏ కాలు ముందు పెట్టి చెట్టెక్కుతాడో రాయలేదన్నాడు. చిరుతపులి గురించి రాస్తే, అది నీకు కనపడిందా, అడుగులే కనపడ్డాయా, తేల్చి రాయమన్నాడు. వ్యాకరణం చదివి పరీక్షలు ప్యాసయిన నాకు ఒక్క అక్షరం రాని మనిషి రాయడం నేర్పాడు. ఇది గొప్పకి చెప్పడం లేదు, ఉన్నమాట.

అచ్చయిన పత్రిక ఒకటి అతనికిచ్చాను. దాన్ని చుట్టి, విత్తనాలు దాచుకునే వెదురుగొట్టంలో పెట్టుకుని సంతకి తెచ్చి, తలకిందులుగా పట్టుకుని అందరికీ చూపించేవాడు. "ఇందులోన మా వడగళ్ళున్నాయి," అనేవాడు. ఉప్పు కొట్టువాడు కూడా లేచొచ్చి చూశాడు.

ఇలా ఏడాది గడిచాక పత్రిక ఎడిటరు దగ్గర్నుంచి కార్డు వచ్చింది. మీ ఉత్తరములు ఇంపుగా ఉన్నవి గాని కథలవలె ఉన్నవి, ఊరూ పేరూ లేనిదే చదువరులు నమ్మరు, యథార్థమైన సంగతి ఒకటి పేర్లతో సహా రాసిన యెడల పత్రికలో మీకు ప్రతివారం చోటివ్వగలము అని ఉంది. ఆ కార్డు నేను ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పలేను. ప్రతివారం చోటు! చాక్‌పీసు ముక్కలతో తెల్లబడిన నా చేతులు చూసుకుని, ఇంక ఎన్నాళ్ళో ఈ బడి అనుకున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే సోళ్ళ, అంటే రాగుల, చేలల్లో కలుపు తీత వచ్చింది. పై ఉద్యోగి ఎవరో దిగడానికని కొండ దిగువన బంగళా కడుతున్నారు. ఫారెస్టు గార్డు ఊళ్ళోకొచ్చి, ఇంటికొక మనిషి రాళ్ళు మొయ్యాలన్నాడు. కూలి మాట లేదు. రానివాడి పోడు తగలబెట్టిస్తానన్నాడు. నా నేస్తం పన్నెండు రోజులు మోశాడు. తిరిగొచ్చేసరికి చేలో కలుపు మోకాలెత్తు లేచింది. కాపలా లేక అడివిపందులు సగం చేను దున్నేశాయి. బడి మెట్టు మీద కూర్చుని, చుట్ట బయటికి తీసి, ఇదంతా మొదట్నుంచి చివరిదాకా వరసగా చెప్పాడు.

"ఇది రాత్తావా?" అన్నాడు.

"రాస్తాను," అన్నాను.

చుట్ట కొసని ఇంకోసారి చూసుకున్నాడు. "రాయి," అన్నాడు.

మొదట రాసినదాంట్లో గార్డు పేరుంది. రాసి మళ్ళీ చదువుకున్నాను. వాడు రేంజరుకి చెప్తాడు, రేంజరు మిషను దొరకి రాస్తాడు, నా పని అయిపోతుంది. కొట్టేసి 'ఒక చిన్న ఉద్యోగి' అని రాశాను. కింద 'గిరివాసి' అని ఉండనే ఉంది. ఇంక ఎడిటరు అడిగిన పేరు మిగిలింది. ఎవరిదో ఒకరిది పేరు ఉండాలి. నేస్తం పేరు నోటితో అనకూడదన్నారు గాని చేత్తో రాయకూడదని ఎవరూ అనలేదు కదా అనుకున్నాను. రాశాను. తండ్రి పేరుతో, ఊరి పేరుతో కలిపి ఒకసారి, ఒట్టి పేరు రెండుసార్లు, మొత్తం మూడుసార్లు రాశాను. అచ్చులో పేరు పడడం అతనికి నేనిచ్చే గొప్ప కానుక అని కూడా అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. అది మాత్రం మెట్టు మీద చదివి వినిపించలేదు. తపాలా మోసే మనిషి ఆ పూటే కొండ దిగిపోతున్నాడు, వేళ లేదు. వేళ ఉన్నా చదివేవాణ్ణి కాదేమో.

పత్రిక మొదటి పేజీలో వేశారు. ఎన్నాళ్ళనుంచో ఎదురుచూసిన సంబరం నాలుగు రోజులే నిలిచింది. పూర్తికావస్తున్న ఆ బంగళాకే విచారణ అధికారి వచ్చాడు. ఊరంతటినీ రమ్మన్నారు, నన్నూ రమ్మన్నారు. వసారాలో కుర్చీలో అధికారి, పక్కన చేతులు కట్టుకుని గార్డు. గుమస్తా ఒకాయన పత్రిక విప్పి గట్టిగా చదివాడు. నేస్తం పేరు వచ్చినప్పుడల్లా జనం గొణిగారు. అతను తల వంచుకుని, చెవి ఇటు పెట్టి, చివరిదాకా కదలకుండా విన్నాడు.

"ఈ మాటలు నువ్వు చెప్పినవేనా?" అన్నాడు అధికారి.

"నాను సెప్పనేదు బాబూ."

"రాళ్ళు మోశావా?"

"ఊరికి మంచిదని మోసినాం. గార్డుబాబు మంచోరు."

"మరి నీ పేరు పెట్టి ఇది రాసిందెవరు? ఈ గిరివాసి ఎవడు? పేరు చెప్పు."

అతను మాట్లాడలేదు. అధికారి బల్ల మీద కొట్టి, "చెప్పకపోతే నువ్వే అనుకోమంటావా?" అన్నాడు. అప్పుడు గడ్డం ఎత్తి నా వైపు చూపించాడు. అందరూ ఇటు తిరిగారు.

"ఆయన సదువుకున్నోరు బాబూ," అన్నాడు. "ఏదో ఆయనకి తోసింది రాసుకున్నారు. మాకేటి తెల్దు."

గార్డు నవ్వాడు. ఆ ఊళ్ళో రాళ్ళు మొయ్యని ఇల్లు లేదు, అయినా నా పక్కన నిలబడి ఒక్కడూ పెదవి కదపలేదు. కూడా తిరిగినవాడు, కూడా తిన్నవాడు, నాకు రాయడం నేర్పినవాడు, నన్ను పట్టిచ్చి, ఆ పైన అబద్ధాలకోరుని చేశాడు. అంత మోసం నాకు అప్పటికీ, ఆ తరవాతా ఎవరూ చెయ్యలేదు. మిషను దొర నాచేత క్షమాపణ ఉత్తరం రాయించాడు. గిరివాసి అసత్యం రాశాడని పత్రికవాళ్ళు వేసుకున్నారు. తరవాత నేను పంపిన కవర్లు రెండు విప్పకుండానే తిరిగొచ్చాయి. నన్ను పార్వతీపురం బడికి మార్చారు. రచయితనవ్వడం అంతటితో ముగిసింది. ఆ ఏడు అతని పోడు జోలికి మాత్రం గార్డు వెళ్ళలేదు.

సామాను సర్దుకున్నాక, ముఖం మీదే అడిగి పోవాలని అతని పోడు ఉన్న కొండెక్కాను. అతని పెళ్ళాం మంచె దగ్గరుంది. నన్ను చూసి లేచి చేలోకి వెళ్ళిపోయింది. అతను కలుపు పీకుతున్నాడు. నేను వచ్చానని తెలిసీ పీకుతూనే ఉన్నాడు.

"నేస్తం, నీకోసమే కదా రాశాను," అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "నా బడి పోయింది, పత్రిక పోయింది. నువ్వు చెప్పిన మాటే రాశాను, ఒక్కటైనా కలిపానా? అంతమందిలో నన్ను చూపించడానికి నీకు మనసెలా వచ్చింది?"

అతను లేచి నిలబడి చేతులు దులుపుకున్నాడు. చుట్ట తీసి చూసుకున్నాడు.

"ఆ గుమస్తాబాబు సదివినదంతా ఇన్నాను," అన్నాడు. "నా పేరు మూడుసార్లు ఇనపడ్డాది. మా అయ్య పేరు ఓసారి ఇనపడ్డాది. గార్డు పేరు ఎప్పుడొత్తాదా అని సూసాను. రానేదు. పోనీ నీ పేరన్నా ఒత్తాదేమో అని సివరంటా సూసాను. అదీ రానేదు."

"భయపడ్డాను," అన్నాను.

"నానూ బయపడ్డాను," అన్నాడు. "నువ్వు ఇంట్లోన కూకుని బయపడ్డావు. నాను ఆల ముందల నిలబడి బయపడ్డాను."

"నీ పేరు నేను నోటితో అనలేదు," అన్నాను. అంత చేతగాని మాట నా జన్మలో ఇంకెప్పుడూ అనలేదు.

"నువ్వన్నేదు. నీ కాయితం ఊరందరి నోటా అనిపించినాది."

క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు, నాలో కోపం ఇంకా చల్లారలేదు. అతనూ ఏమీ అడగలేదు. అవతలి కొండ మీద మబ్బు దిగుతోంది. అతను అటు చూసి, చుట్ట తిరిగి నోట్లో పెట్టుకోకుండా నాతో దారి దాకా వచ్చాడు. నేను నాలుగడుగులు దిగాక వెనక నుంచి పిలిచాడు.

"యోహాను మేస్టారూ," అన్నాడు. "వాగు పొంగకముందే బేగి దిగిపొండి."